పిపెట్ కొసన మిగిలిన చుక్క

కెమిస్ట్రీ ల్యాబ్‌కి నన్ను పీర్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారని నోటీసు బోర్డులో చూసిన రోజు నాకు జ్వరం వచ్చినంత పనైంది. నేను చదివేదే రెండో ఏడాది. చెప్పాల్సింది మొదటి ఏడాది వాళ్ళకి, ఎనిమిది మందికి. ఎవరైనా నాకు తెలియనిది అడిగితే? ఆ భయంతో మొదటి వారమే ఓ ఉపాయం కనిపెట్టాను. ముఖం ముటముటలాడించుకుని నిలబడడం! కోపంగా ఉన్న మనిషిని ఎవరూ ప్రశ్నలు అడగరు కదా. అది నాకు కష్టమైన పనేం కాదు, ఇంట్లో అన్నయ్య చిటపటలాడతానని నన్ను ‘ఆవాలు’ అని పిలిచేది ఊరికే కాదు.

ఆ ఎనిమిది మందిలో ఒకావిడకి ముప్పై ఆరేళ్ళు. బట్టలు కుట్టుకుంటూ, ఇద్దరు పిల్లల్ని బడికి పంపి, తను కాలేజీకి వచ్చేది. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ మేడమ్ అనేది. ఎంత వద్దన్నా వినేది కాదు. పోయినేడాది చెయ్యి వణికి ఇదే ప్రాక్టికల్ పోగొట్టుకుంది. ఈసారి కూడా పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు. ఆ సంగతి మొదటి రోజే చెప్పి, “ఇంక మీదే భారం మేడమ్” అని నవ్వింది.

రెండో వారం పిపెట్ వాడడం నేర్పాను. ద్రావణాన్ని కొలిచి ఫ్లాస్కులోకి వదిలే సన్నటి గాజు గొట్టం అది. అంతా దిగిపోయాక కొసన ఒక్క చుక్క మిగిలిపోతుంది. పైనున్న రబ్బరు బుడ్డి నొక్కి దాన్ని కూడా ఊదెయ్యమన్నాను. పాలు పరీక్ష చేసే చోట పనిచేసే అన్నయ్య నాకు అలాగే చూపించాడు మరి.

“మేడమ్, పోయినేడాది ఆ చుక్క వదిలెయ్యమన్నట్టు గుర్తు...” అంది అక్క మెల్లగా.

నాకేమీ తెలియదని ఇవాళ్టితో తేలిపోతుందనిపించింది. “అందుకేగా అక్కా, పోయినేడాది తప్పారు!” అనేశాను.

అందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా తల దించుకుని నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. చెప్పింది చెప్పినట్టు చుక్క ఊదేది. ఎనిమిది మందికీ ఒకే అంకె వస్తుంటే, ఆహా, నా అంత బాగా చెప్పేవాళ్ళు లేరనుకుని పొంగిపోయాను.

పరీక్ష రోజు పొద్దున్నే ల్యాబ్ అటెండర్ బాబాయ్‌కి సాయంగా పిపెట్లు కడిగి పెడుతున్నాను. అలవాటు కొద్దీ కొసన ఉన్న నీటి చుక్కని ఊదాను.

“ఏంటమ్మాయ్, ఊదేస్తున్నావ్?”

“చివరి చుక్క బాబాయ్.”

“ఓరి నాయనో! పై కొసన తెల్ల పట్టీ ఉందా దీనికి? పట్టీ ఉన్న రకమే ఊదాలి. వీటికి ఆ చుక్క వదిలేసే కొలత పెట్టారు. ఊదితే లెక్క ఎక్కువొస్తుంది. మన చుక్కల సార్‌కి ఆ కాస్త తేడా చాలు, మార్కులు తెగ్గోసేస్తాడు.”

చుక్కల సార్ అంటే మా లెక్చరర్. పరీక్షకి ఇంకా పావుగంటే ఉంది. పరీక్ష రోజున మేము పిల్లలతో పాఠం మాట ఎత్తకూడదు. ఎత్తితే వాళ్ళ పరీక్షే రద్దవుతుంది. నోరు మూసుకుంటే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పావుగంటలో ఐదు నిమిషాలు నేను ఆలోచించింది అదే.

తలుపు అద్దంలోంచి చూస్తే వరండాలో అక్క గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. లేని పిపెట్‌ని పట్టుకుని, బొటనవేలితో గాలిని నొక్కుతోంది. అచ్చం నేను నేర్పినట్టే. ఇంక నిలబడలేక సార్ గదికి పరుగెత్తాను.

ఆయన అంతా విని కళ్ళజోడు తీశారు. “తప్పు నీది. అందరి ముందూ నువ్వే చెప్పు.”

“మొదటి ఏడాది అరవై మంది ముందా సార్?”

“అరవై మూడు.”

అందరూ ల్యాబ్‌లోకి వచ్చాక బల్లల మధ్య నిలబడ్డాను. “చివరి చుక్క ఊదొద్దు. నేను తప్పు నేర్పాను” అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వెనకనుంచి ఎవరో, “తిట్టి మరీ నేర్పారుగా!” అన్నారు.

అక్క లేచింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. “మేడమ్... ఇప్పుడు చెప్పేది నిజమేనా?” వెటకారం కాదు, నేనెక్కడ కసురుతానోనని భయపడుతూ అడిగింది.

“ఆ రోజు మీరు చెప్పిందే నిజం అక్కా. నేనే మీ నోరు నొక్కేశాను.”

పరీక్ష మొదలయ్యాక నన్ను బయటికి పంపేశారు. తలుపు అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాను. అక్క ద్రావణం వదిలింది. కొసన చుక్క మిగిలింది. ఆవిడ బొటనవేలు దానంతటదే రబ్బరు బుడ్డి మీదికి వెళ్ళింది. రెండు నెలల అలవాటాయె! వద్దక్కా, వద్దక్కా అని లోపలే గొణుక్కున్నాను. వేలు అక్కడే ఆగింది, తర్వాత మెల్లగా లేచింది. ఆవిడ పిపెట్ కొసని ఫ్లాస్కు గోడకి తాకించి పైకి తీసింది. చుక్క గొట్టంలోనే ఉంది.

మధ్యాహ్నం బాబాయ్ వచ్చి చెప్పాడు, అక్క అంకె సరిగ్గా వచ్చిందట. నేను నేర్పిన ఎనిమిది మందిలోనే ఇద్దరు మాత్రం కంగారులో ఊదేశారట. వాళ్ళ ముఖాలు ఎలా చూడాలో తెలియక మెట్ల దగ్గర కూలబడ్డాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇంకెవరినీ అలా అనకమ్మా” అంది. “ఆ రోజు నవ్వేశాను గానీ, ఇంటికెళ్ళి మిషన్ తొక్కుతూ ఏడ్చాను. ఆ చప్పుడులో పిల్లలకి వినపడదని.”

మొట్టమొదటిసారి ఆవిడ నన్ను మేడమ్ అనలేదు.