చెల్లెలి ట్రాక్

జాజ్ గాయని అంటే పాటలు పాడుతుందనుకుంటారు. అక్క పాడేదాంట్లో మాటే ఉండదు. అరుపు, మూలుగు, గుటక, ఈల, అంతా గొంతుతో చేసే గారడీ. ఆమె సాధన మొదలుపెడితే పక్కింటివాళ్ళు కడుపునొప్పేమోనని మాత్రలు పంపేవారు. అయినా, రెండో రికార్డు చివర ఒకే ఊపిరితో తీసిన పొడవాటి కేక విని జనం నోరెళ్ళబెట్టారు. ఆమె పేరంతా ఆ కేక మీదే నిలబడింది.

ఆ పాత టేపుల్ని ఇప్పుడు మళ్ళీ విడుదల చేస్తున్నారు. రికార్డింగ్ ఇంజనీరు తనకంటే ముందు చెల్లెల్ని పిలిచాడని తెలియగానే అక్కకు అనుమానం రాజుకుంది. అప్పట్లో చెల్లెలు రెండో మైకు దగ్గర సన్నగా వంత పాడేది. తన గొంతు కాపీ కొడుతోందని, ఆ రికార్డు అవగానే అక్కే ఆమెను బృందంలోంచి పంపేసింది. ఇన్నాళ్ళకు కేక తనదేనని చెప్పుకోబోతోందా? అక్క చెప్పాపెట్టకుండా స్టూడియోకు వెళ్ళింది.

అద్దం వెనక ఇంజనీరూ చెల్లెలూ గుసగుసలాడుకుంటున్నారు. ఆమెను చూడగానే నోళ్ళు మూతపడ్డాయి. అక్కకు ఒళ్ళు మండింది.

"ఏంటే, నా వెనక ఈ గూడుపుఠాణీ?"

"అదేం లేదక్కా. పద, ఇంటికెళ్దాం."

"నువ్వుండు. బాబూ, దీని ట్రాక్ తీసేసి ఆ కేక వినిపించు. నా గొంతొక్కటే ఉండాలి."

"వద్దండీ!" అంది చెల్లెలు ఇంజనీరుతో.

ఆ మాటతో అనుమానం ముదిరిపోయింది. "పెట్టవయ్యా!"

పెట్టాడు. కేక లేచింది, పైకెక్కింది, పుటుక్కున తెగింది. ఆయాసంతో గాలి పీల్చుకున్న చప్పుడు. మళ్ళీ కేక.

ఆ రోజు ఊపిరి చాలలేదని అక్కకు తెలుసు. రికార్డులో అతుకు వినబడకపోయేసరికి, ఊపిరి సరిపోయే ఉంటుందని తనకు తానే నచ్చజెప్పుకుంది.

"ఈసారి ట్రాకులు విడివిడిగా కూడా వేస్తున్నామండీ. ఈ తెగినచోటు చూసి ముందు ఈవిడనే అడిగాను," అన్నాడు ఇంజనీరు. "పొద్దుట్నించీ ఒకటే గొడవ, విడదీయొద్దు, మా అక్క పరువు పోతుందని."

అక్కకు తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడు నాది తీసేసి దానిది పెట్టు."

సన్నటి వంత వినిపించింది. కేక తెగినచోట మాత్రం ఆ గొంతు ఒక్కసారి పైకి లేచింది, అచ్చం అక్క గొంతే. అంతలోనే తగ్గి మళ్ళీ వంతలో కలిసిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"అప్పుడే చెప్దామని వచ్చానక్కా. గొంతు దొంగా అని తిట్టి మొహం మీదే తలుపేశావు."

"విడివిడిగానే వెయ్యి బాబూ," అంది అక్క, చెల్లెలి ముఖంలోకి చూసే ధైర్యం చాలక.