దేవిక తరఫున

“నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద, అమ్మను జర దవాఖానకు తీస్కపో” అని భార్యకు చెప్పి రత్నాకర్ నర్సాపూర్ బస్సెక్కాడు. అక్కడి బళ్ళో లెక్కల టీచరు అతను. దేవిక పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ, చెవిలో ఇయర్‌ఫోన్‌తో హైదరాబాద్ ఆఫీసుకు జవాబు చెబుతూనే అత్త కిష్టవ్వకు చీర అందించింది.

పెళ్ళయి మెదక్ వచ్చినప్పటి నుంచి ఇంటి నుంచే ఉద్యోగం. కంపెనీలో డేటా మీద పనిచేసే టీములన్నీ కలిసి వాడుకునే ప్లాట్‌ఫామ్ ఆమె కట్టిందే. రెండు టీముల కోసం కట్టింది. టీములు పెరిగాయి, వాడేవాళ్ళు పెరిగారు, చూసుకునే మనిషి మాత్రం ఆమె ఒక్కతే. ఎవరో ఒకరు దాని మీద పెద్ద మోడల్ నడిపితే, కంప్యూటర్లన్నీ దానికే సరిపోయి మిగతా వాళ్ళ పనులన్నీ ఆగిపోయేవి. ఆగగానే అందరికీ దేవిక గుర్తొచ్చేది. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్ళూ ఆ పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. “ఎప్పుడు సూసినా గా డబ్బానే. పక్కన మనిషున్నదన్న సోయే లేదు” అనేది కిష్టవ్వ, నలుగురూ వినేలా.

ఆ విసుగులోంచే ఆమెకో ఆలోచన పుట్టింది. ఆ కంప్యూటర్లలో ఏ టీము వాటా ఆ టీముకే ఇచ్చి, ఎవరి పని వాళ్ళే నడుపుకునేలా చేయాలి. పునాది మాత్రం అందరికీ ఒకటే. అప్పుడు ఎవరూ ఎవరికీ అడ్డం రారు, ఎవరూ తనను పిలవరు. ఎండాకాలమంతా, అత్త కునుకు తీసే వేళల్లో, అది రాసి, నడిపి చూపించింది. “ఇది పెద్ద పని దేవిక గారూ, దీనికి మనుషులు కావాలి” అన్నాడు మేనేజర్ సాల్మన్ రాజు. మనుషులు! ఆ ఒక్క మాటకే కళ్ళు నిండి, దేవిక కెమెరా ఆపేసుకుంది.

ఈరోజు దవాఖాన వరండాలో కూర్చుని మీటింగు విన్నది. కొత్త టీమును ప్రకటించారు. లీడ్ స్నిగ్ధ. దేవిక దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. దేవిక అందరితోపాటు చప్పట్ల బొమ్మ పంపింది. తర్వాత సాల్మన్ రాజుకు ఫోన్ చేసింది.

“నాతో ఒక్క మాటైనా అనలేదు సార్.”

“పోయిన వారం మీకు ఫోన్ చేశాను కదండీ. లీడ్ మీరే, వారంలో సగం రోజులు హైదరాబాద్‌లో ఉండాలని చెబుదామని. మీవారు ఎత్తారు, మీకు కుదరదన్నారు. మీరే చెప్పమన్నారనుకున్నాను.”

సాయంత్రం రత్నాకర్ ఇంకా చెప్పులు విడవకముందే అడిగింది.

“ఆఁ, చేసిండు. నువ్వప్పుడు అమ్మకు నీళ్ళు పోస్తున్నవ్. నువ్వు పోతే అమ్మను ఎవరు చూస్తరు? కుదరదని నేనే చెప్పిన. నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే.”

“నన్ను అడగాలె గద.”

“అడిగితే ఏమంటుంటివి? పోతా అంటుంటివా?”

అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. దేవిక నోరు తెరిచింది. ఆ మాట కోసం లోపల వెతికింది. అత్త మందులు తగిలాయి, అతని టిఫిన్ డబ్బా తగిలింది, ఊళ్ళో వాళ్ళు ఏమంటారో అదీ తగిలింది. ‘పోతా’ మాత్రం ఎక్కడా లేదు. అంటే అతను అబద్ధం చెప్పలేదు. ఆమె చెప్పబోయేదే ముందుగా చెప్పాడు. తనకేం కావాలో ఎవరూ అడక్క అడక్క, చివరికి తననే తాను అడగడం ఏనాడు మానేసిందో ఆమెకే తెలియలేదు.

“చూసినవా మరి. జర చాయ్ పెట్టు” అన్నాడు రత్నాకర్, మనసు తేలికపడి.

పెట్టింది. చాయ్ మరుగుతుంటే పొయ్యి ముందు నిలబడి “పోతా” అని పైకి అని చూసింది. ఎవరిదో గొంతులా ఉంది.

“ఏమంటున్నవే?” లోపలి గదిలోంచి కిష్టవ్వ అరిచింది.

“ఏం లేదత్తమ్మా.”

ఈ జవాబు మాత్రం వెతక్కుండానే వచ్చింది.