గుండీ మొలిచిన గ్లాసు

ప్రాణమున్నవి పెరుగుతాయి, లేనివి పెరగవు. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ పంతొమ్మిదేళ్ళలో నా గొంతు అరిగిపోయింది. రెండో తరగతి పిల్లలు మాత్రం ఏటికేడాది కొత్తగా వచ్చి, కుర్చీకి కాళ్ళున్నాయి కదా టీచర్, అది ఎందుకు నడవదు అంటారు.

ఈసారి ఇరవై మందికీ తలో కాగితం గ్లాసు, దాన్నిండా మట్టి, ఒక్కో చిక్కుడు గింజ ఇచ్చాను. "గింజ పారేసుకున్నారో, తోలు వలుస్తా," అన్నాను. ఆ రోజు తలనొప్పి. నిజం చెప్పాలంటే, తలనొప్పి లేని రోజున కూడా ఆ మాట అనందే నాకు పూట గడవదు.

వారం దాటినా ఒక్కటీ మొలవలేదు. సామాన్ల గదిలో ఎన్నేళ్ళు మూలిగాయో ఏమో, ఆ గింజల్లోనే ప్రాణం లేదు. శుక్రవారం తల్లిదండ్రులొస్తారు, అప్పటికి గ్లాసుల్లో మొక్కలు కనబడాల్సిందేనని హెడ్మిస్ట్రెస్ నా చెవిలో జోరీగలా పోరింది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ఇంట్లో మొలకెత్తించిన గింజలు తెచ్చి, గురువారం పిల్లలు రాకముందే వేలితో గుంట చేసి గ్లాసుకొకటి పెట్టేశాను. ఇరవయ్యోది పెట్టేసరికి నడుం పడిపోయింది.

పిల్లలు వచ్చి చూసుకుని గంతులేశారు. ఆ వెనకే హెడ్మిస్ట్రెస్ వచ్చి, రేపటికి సిద్ధమేనా అని పరీక్ష పెట్టింది.

"రాయి నాటితే మొలుస్తుందా?"

"మొలవదండీ," అన్నారందరూ.

"గుండీ మొలుస్తుందండి," అంది ముందు బెంచీలో చీమ. పిడికెడంత ఉంటుందని పిల్లలు పెట్టిన పేరది. "నా గింజ కాలవలో పడిపోయింది. టీచర్ తోలు వలుస్తుందని చొక్కా గుండీ తెంపి వేశా. మొలిచింది."

తరగతంతా గొల్లున నవ్వింది. చీమ చొక్కాకి రెండో గుండీ చోట పిన్నీసు ఉంది.

"అబద్ధాలు చెప్పకూడదమ్మా. గింజే వేశానని ఒప్పుకో," అంది హెడ్మిస్ట్రెస్.

"గుండీయే వేశానండి."

"అయితే ఒప్పుకునేదాకా బయట నిలబడు. సాయంత్రం మీ అమ్మతో మాట్లాడతాను."

చీమ కళ్ళనిండా నీళ్ళతో నా వైపు చూసింది. నేను ఊరుకుంటే చాలు, ఈ పూట గడిచిపోతుంది. కాసేపు ఏడ్చి, చెయ్యని పని చేశానని ఒప్పుకుంటుంది. అంతకు తెగించానా అని నామీద నాకే అసహ్యం వేసింది.

"అది చెప్పేది నిజమేనండి. మొలక నేను పెట్టాను," అన్నాను. గ్లాసులో వేలు పెట్టి కెలికి, మట్టి అంటిన తెల్ల గుండీ తీసి బల్ల మీద పెట్టాను.

హెడ్మిస్ట్రెస్ గుండీని చూసింది, నన్ను చూసింది. "బెల్లయ్యాక నా గదికి రండి," అని వెళ్ళిపోయింది.

చీమ ముక్కు తుడుచుకుని కూర్చుంది. రెండో బెంచీలోంచి ఎవరో అడిగారు. "మరి నాది, టీచర్?"

"అదీ నేనే పెట్టాను."

"నాది?"

"అదీ."

అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ పోయాను. నీది నిజంగా మొలిచిందమ్మా అని చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. ఇక అడగనిది కిటికీ పక్క పిల్ల ఒక్కతే. గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది.

"నాది చెప్పొద్దు, టీచర్," అంది.