తెలియదని ఎర్రగా చెప్పేదాన్ని

రబ్బరు స్టాంపుని నేను. కాకినాడలో శుభలేఖలు అచ్చేసే ఒక కొట్లో పుట్టాను. నా ముఖాన ఉన్నది ఒకటే మాట: హోల్డ్. "ఈ వివరం ఇంకా తేలలేదు, తేలేదాకా ఇక్కడ పని చెయ్యకండి" అని అర్థం. దారి అడిగితే, తెలియకపోయినా కుడివైపు చెయ్యి చూపించే జాతి మనుషులది. నోటితో "తెలియదు" అనడం నామోషీ కాబట్టి ఆ పని నాకు అప్పగించారు.

నన్ను చేయించింది అపార్ట్‌మెంట్లకు డిజైన్లు గీసే ఇంజనీరు సుదర్శనం గారు. చేయించారు గానీ వాడలేదు. తెలియని కొలత ఎదురైతే కిటికీలోంచి ఓసారి బయటికి చూసి, "ఐదడుగులు వేసెయ్" అనేవారు. నేను సొరుగులో గుండుసూదులతో కాపురం చేశాను.

నన్ను బయటికి తీసింది కొత్తగా చేరిన కామేశ్వరి. వెనకటి ఆఫీసులో ఇలాంటి ఉజ్జాయింపు కొలతే తప్పయితే, వెయ్యమన్న పెద్దమనిషి పక్కకు తప్పుకున్నాడు. సంతకం పెట్టినందుకు ఈమె ఉద్యోగం పోయింది.

ఈసారి దొరబాబు గారు కట్టిస్తున్న అపార్ట్‌మెంటు పునాది. లిఫ్టు గొయ్యి ఎంత లోతుండాలో లిఫ్టు కంపెనీ చెప్పాలి. ఏ కంపెనీయో ఆయన బావమరిది గంగరాజు తేల్చాలి. గంగరాజు అన్ని కంపెనీలవాళ్ల చేతా టిఫిన్లు పెట్టించుకుంటూ, ఎవరి మనసూ నొప్పించలేక ఆగాడు. కాంక్రీటుకు మాత్రం శుక్రవారం ముహూర్తం పెట్టేశారు.

కామేశ్వరి డ్రాయింగులో లిఫ్టు గొయ్యి మీద నన్ను గట్టిగా గుద్దింది. అది చూసి దొరబాబు గారు అదిరిపడ్డారు.

"ఏంటమ్మా ఇది? పూజలో పెట్టి పసుపు రాసే కాయితం. దాని మీద ఎర్రగా ఆగమని కొడతారా? అపశకునం కాదూ?"

"లోతు తెలీదండి."

"లోతుదేముందమ్మా, ఐదడుగులు వేసెయ్," అన్నారు సుదర్శనం గారు. ఈసారి కిటికీ వైపు కూడా చూడలేదు.

"అలాగేనండి. సంతకం మీరు పెట్టండి."

సుదర్శనం గారికి హఠాత్తుగా కళ్లజోడు కనపడలేదు. అది ముక్కు మీదే ఉంది.

"ముహూర్తం ఆపక్కర్లేదండి," అంది కామేశ్వరి. "ఈ మూల వదిలేసి మిగతాదంతా పోసెయ్యండి. తర్వాత కలుపుకోడానికి ఊచలు బయటికి వదిలిస్తాను."

"సరే, పసుపు ఆ మూలకి తగలకుండా రాయిస్తాలే," అన్నారు దొరబాబు గారు దిగులుగా.

చివరికి గంగరాజు తేల్చిన కంపెనీ ఏడడుగుల గొయ్యి అడిగింది. ఆ మూలంతా మట్టే కాబట్టి తవ్వేశారు. దేన్నీ పగలగొట్టలేదు. కామేశ్వరి ఉద్యోగం నిలబడింది. గృహప్రవేశంలో "ఆ మూల వదలమన్నది నేనే" అని దొరబాబు గారు వచ్చినవాళ్లందరికీ చెప్పి, ఈ ముద్రకి హస్తవాసి ఉందని నా గురించి కూడా ప్రచారం చేశారు.

మొన్న గంగరాజు తన ఇంటి డ్రాయింగు కోసం వచ్చాడు. వివరాలన్నీ ఖరారే అని ముందే చెప్పాడు కాబట్టి కామేశ్వరి నన్ను ముట్టుకోలేదు.

"ఏమ్మా, బావకి వేసిన ఎర్ర ముద్ర మాకు వెయ్యలేదేం? మేమంటే లోకువా?"

"తేలనిది ఉంటేనే వేస్తామండి. మీకన్నీ తేలిపోయాయన్నారుగా?"

గంగరాజు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"వంటిల్లు ఎటు పెట్టాలో మా అమ్మా, మా ఆవిడా ఇంకా తేల్చలేదమ్మా. మేడ మీద గది కూడా... అసలు మేడే..."

కామేశ్వరి ఇంకు డబ్బా మూత తీసింది.