తడి గోతాలు

ఈ పంట కూడా పోతే మల్బరీ తోట వేళ్ళతో పీకేసి కుప్పంలో రాళ్ళ ఫ్యాక్టరీకి పోతానని చెంగల్రాయుడు ఉగాది నాడే చెప్పేశాడు. కోపంగా చెప్పలేదు. అన్నం తింటూ, ఇంకాస్త మజ్జిగ పొయ్యమన్నట్టే చెప్పాడు. అందుకే భార్య అంకమ్మకూ, కూతురు మునీశ్వరికీ భయం పట్టుకుంది. అంకమ్మ తమ్ముడు మునిరాజు అలాంటి ఫ్యాక్టరీలోనే ఏళ్ళ తరబడి గ్రానైటు పాలిష్ పట్టి, రొమ్ము నిండా రాతిపొడి నింపుకుని మంచం పట్టి ఉన్నాడు. దగ్గితే తువ్వాలు ఎర్రగా అయ్యేది.

వాళ్ళ పల్లె పుంగనూరు అవతల, వంక పక్కన ఉంటుంది. అది 2009 ఎండాకాలం. అంతకుముందు రెండు పంటలూ ఎండకే పోయాయి. పట్టుపురుగు చల్లగా ఉంటేనే ఆకు ముట్టుతుంది. షెడ్డు పైన సిమెంటు రేకులు. పడమటి గాలి మొదలైతే కిటికీలకు గోతాలు కట్టి, అవి ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఉండాలి. మొగుడూ పెళ్ళాం ఆకు కోతకు పోయి కాస్త ఆలస్యంగా వస్తే చాలు, గోతాలు చర్మంలా ఎండి లోపల కుంపటి పెట్టినట్టు ఉండేది. రెండుసార్లూ అలాగే జరిగింది.

మునీశ్వరి మదనపల్లెలో డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతోంది. హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల. అలాంటిది, ప్రాజెక్టు ఏం చేస్తావని హరినాథ్ సార్ అడిగినప్పుడు మాత్రం, షెడ్డులో వేడి ఎంతుందో ఇంట్లోకి తెలిసేలా చేస్తానని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన ల్యాబులోంచి అరచేతిలో పట్టేంత బోర్డు ఒకటి తీసిచ్చాడు. దానిమీద వేడిని కొలిచే చిన్న బొడిపె, పక్కన వైఫై ముక్క. ఒక పాత రౌటరూ, తాను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాపూ కూడా ఇచ్చాడు. బోర్డు షెడ్డులో వేడిని కొలిచి అంకెను గాలిలోకి పంపుతుంది. ఇంటి వసారాలో ఉన్న రౌటరు దాన్ని అందుకుంటుంది. ల్యాప్‌టాపు తెరమీద అంకె పడుతుంది. అంతే పని.

పురుగులు రాకముందే, బ్లీచింగు చల్లి ఆరబెట్టిన ఖాళీ షెడ్డులో, ఇంటివైపు కిటికీ పక్కన బోర్డు బిగించింది. అది నీడ కిటికీ, ఇంటికి దగ్గర. ఖాళీ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ కనెక్షన్ ఒక్కసారి కూడా తెగలేదు. చెంగల్రాయుడు ల్యాప్‌టాపు ముందు గొంతుక్కూర్చుని అంకె మారడం చూసి, పెళ్ళాన్ని పిలిచి మరీ చూపించాడు.

పురుగులు వచ్చాక తంటా మొదలైంది. కొన్ని మధ్యాహ్నాలు అంకె కింద ‘కనెక్షన్ లేదు’ అని పడేది. కాసేపటికి దానంతట అదే వచ్చేది. లో వోల్టేజీ అనుకుని మునీశ్వరి రౌటరుకు బైకు బ్యాటరీ తగిలించింది. అయినా పోయింది. పాస్‌వర్డు మళ్ళీ కొట్టింది. ఛానెల్ మార్చింది. రౌటరును అలమరలోంచి తీసి కిటికీలో పెట్టింది. ఏదో ఒకటి చేసిన కాసేపటికి కనెక్షన్ వచ్చేది కాబట్టి, ఆ చేసిన పనివల్లే వచ్చిందనుకునేది. మరునాడు మళ్ళీ పోయేది.

ఒకరోజు అమ్మానాన్నలు తోటలో ఉండగా అలాగే పోతే, గాబరాపడి పక్క చేను రామప్పకు ఫోను చేసింది. ఆయన వరసకు చిన్నాయన. మడక వదిలి పరుగెత్తుకొచ్చాడు. షెడ్డు చల్లగా ఉంది, గోతాలు తడిగా ఉన్నాయి, పురుగులు పరపరా ఆకు తింటున్నాయి.

“ఏమ్మా, నీ మిషనుకు జొరమొస్తే నన్ను పిలుస్తావా? పురుగులు నీకంటే బాగుండాయి సూడు,” అన్నాడు. సాయంత్రం టీ అంగడి దగ్గర ఆ మాటనే ఇంకా పెంచి చెప్పి నలుగురినీ నవ్వించాడు. మునీశ్వరి రెండు రోజులు ఆ దారిన పోలేదు.

పురుగులు నాలుగోసారి పొర విడిచే జ్వరం నుంచి లేచాయి. ఇక గూడు కట్టేదాకా ఒకటే తిండి. కన్నులపండుగ్గా, చిటికెన వేలంత లావున ఉన్నాయి. ఆ వారంలోనే మునీశ్వరి బయట చేరింది. అలాంటి రోజుల్లో ఆడవాళ్ళు పురుగుల షెడ్డు గడప తొక్కరు. తొక్కితే పురుగులు పాలు కక్కి చస్తాయని ఆ పక్క పల్లెల్లో అందరి నమ్మకం. ఆమె వసారాలో చాప మీద కూర్చుంది.

రెండో రోజు తెల్లవారుతూనే కుప్పం నుంచి ఫోను వచ్చింది. మునిరాజు పోయాడు.

అంకమ్మ ఏడుస్తూనే పనులు చేసింది. తట్టల్లో ఆకు మందంగా పరిచింది. కిటికీలన్నిటికీ గోతాలు తడిపింది. ఇంట్లో మిగిలిన గోతాలను కూడా తెచ్చి, తొట్టిలో ముంచి, బోర్డు ఉన్న కిటికీకి రెండు మడతలుగా వేలాడదీసింది. రోజంతా ఉండదు కదా, ఒకచోటైనా తడి నిలవనీ అనుకుంది. బస్సు ఎక్కబోతూ కూతురితో చెప్పింది.

“అంకె ముప్పై దాటితే మీ చిన్నాయనకు ఫోను కొట్టు. ఆయప్ప వచ్చి నీళ్ళు సల్లుతాడు. నువ్వు మాత్రం లోపలికి పోవాకు తల్లీ. ఈసారికి ఏ తప్పూ జరక్కూడదు.”

చెంగల్రాయుడు ల్యాప్‌టాపు వైపు ఒకసారి చూసుకున్నాడు. “మిషను ఉండాది గదా. పద,” అన్నాడు.

వాళ్ళ బస్సు కనుమరుగైన కాసేపటికే కనెక్షన్ పోయింది. తెరమీద ఇరవై ఏడు దగ్గర అంకె నిలిచిపోయింది.

మునీశ్వరి కంగారు పడలేదు. ఈ జబ్బు తనకు తెలిసిందే. రౌటరు ఆపి మళ్ళీ వేసింది. రాలేదు. పాస్‌వర్డులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒక్కొక్కటే సరిచూసింది. ఛానెళ్ళు వరసగా మార్చింది. రౌటరును కిటికీలోంచి అరుగు మీదికి, అరుగు మీదినుంచి పెరట్లో బండమీదికి మార్చింది. బ్యాటరీ తీగలు గీకి మళ్ళీ బిగించింది. ల్యాప్‌టాపు రౌటరుతో బాగానే మాట్లాడుతోంది. బోర్డే పలకడం లేదు. అది బిగుసుకుపోయి ఉంటుందని నిర్ణయించుకుంది. దానిమీద ఒక చిన్న మీట ఉంది. దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు. మీట షెడ్డు లోపల ఉంది.

పెరట్లోంచి చూస్తే ఆ కిటికీ కనబడుతూనే ఉంది. దానిమీద గోతాల మడతలు నల్లగా, చల్లగా వేలాడుతున్నాయి. అంచులనుంచి చుక్కలు రాలుతున్నాయి. ఇంకా ఇంత తడి ఉందంటే లోపల చల్లగానే ఉంటుందని ఆమె ధైర్యం తెచ్చుకుంది. పడమటి వైపు గోడ అక్కడినుంచి కనబడదు, ఆ రోజుల్లో షెడ్డు చుట్టూ తిరగడమూ కూడదు.

మధ్యాహ్నం గాలి వేడెక్కింది. పడమటినుంచి దుమ్ము లేచింది. రామప్పకు ఫోను చేద్దామని పేరు దాకా వెళ్ళింది. ఏం చెప్పాలి? అంకె ముప్పై దాటిందని చెప్పడానికి లేదు. అంకె రావడం లేదని చెబితే మళ్ళీ మిషను జొరం కథే. నువ్వే పోయి చూసుకోరాదా అని ఆయన అంటే, ఎందుకు పోలేదో మగాయనకు నోటితో చెప్పాలి. ఫోను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఛానెళ్ళ దగ్గర మొదలుపెట్టింది. ఇంకొక్కటి మార్చి చూద్దాం, దీంతో వస్తుంది అనుకుంటూనే పొద్దు గడిపేసింది.

ఎండ బాగా మండుతున్న వేళ నాయన ఫోను చేశాడు. వెనకనుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి. అమ్మ గొంతు వాటిలో వేరుగా తెలుస్తోంది.

“ఇంగా ఎత్తలేదమ్మా. వచ్చేలోగా సీకటి పడతాది,” అన్నాడు. “మీ మామ చెయ్యి పట్టుకుంటే ఉత్త గుడ్డ మాదిరి ఉండాది మునీ. ఎముక కూడా లేదనిపించె,” అన్నాడు. తర్వాత అడిగాడు. “అంకె ఎంతుంది?”

మునీశ్వరి తెర వైపు చూసింది.

“ఇరవై ఏడు నాయనా.”

“అయితే సరే,” అన్నాడు చెంగల్రాయుడు. ఆ రెండు మాటల్లో ఎంత నిమ్మళం వినిపించిందంటే, ఆ తర్వాత నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

పొద్దు వాలుతుండగా, ఆమె దేన్నీ ముట్టుకోకుండా ఊరికే కూర్చుని ఉన్నప్పుడు, తెరమీద అంకె మారింది. ఇరవై ఏడు పోయి ముప్పై ఎనిమిది పడింది.

మునీశ్వరి లేచి పరుగెత్తింది. గడప దగ్గర కాళ్ళు ఒక్క క్షణం నిలబడ్డాయి. తర్వాత తలుపు తోసుకుని లోపలికి పోయింది. ముఖానికి ఆవిరి కొట్టినట్టయింది. పడమటి కిటికీల గోతాలు అట్టల్లా ఎండి, గాలికి గోడకేసి కొట్టుకుంటున్నాయి. అవి ఎప్పుడో ఎండిపోయినట్టున్నాయి. ఆకు నల్లగా మాడింది. పురుగులు ఆకు వదిలి తట్టల అంచులకు పాకి, తలలు పైకెత్తి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా పడి నోటివెంట పచ్చటి నీరు కక్కుతున్నాయి. పరపరమని తినే చప్పుడు లేదు. పురుగులున్న షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

బోర్డు మీద దీపం మామూలుగానే వెలిగి ఆరుతోంది. అది బిగుసుకుపోలేదు. పొద్దున్నుంచీ కొలుస్తూనే ఉంది, పంపుతూనే ఉంది. దాని ముందు రెండు మడతల గోతాలు ఇప్పుడిప్పుడే ఆరుతున్నాయి. ముట్టుకుంటే అడుగున ఇంకా చెమ్మ తగిలింది.

ఆమె బిందెలతో నీళ్ళు తెచ్చి గోతాలమీద, నేలమీద గుమ్మరించింది. కిటికీ గోతాలు నీళ్ళోడుతూ మళ్ళీ నల్లబడ్డాయి. వసారాలోకి వచ్చి చూస్తే కనెక్షన్ పోయింది. మళ్ళీ లోపలికి పోయి ఆ గోతాలు పక్కకు లాగింది. వసారాలోకి వచ్చింది. కనెక్షన్ వచ్చింది. నీళ్ళున్న గుడ్డ దాటి ఆ అంకె రాలేదు. అన్నాళ్ళు ఆమె వెతికిన తప్పు రౌటరులో లేదు, పాస్‌వర్డులో లేదు. తాను ఒక్కసారి కూడా అనుమానించని గోతంలో ఉంది. ఆ కిటికీకీ కడుతున్నానని అమ్మకూ చెప్పాలని తోచలేదు. కిటికీకి తడిగోతం కట్టడం తలుపు మూసినంత మామూలు పని.

నీళ్ళ చప్పుడు విని రామప్ప గట్టు దిగి వచ్చాడు. వసారాలో విడిగా పరిచిన చాప చూసుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి తట్టలను చూశాడు, ఆమెను చూశాడు. ఈసారి పరిహాసమాడలేదు.

“నువ్వు ఏల వచ్చినావమ్మా లోపలికి?” అన్నాడు మెల్లగా.

పురుగులు ఒక్కసారిగా చావలేదు. ఆ రాత్రీ మరునాడూ కొంచెం కొంచెంగా మెత్తబడి, నల్లబడి, వాసన పట్టాయి. చెంగల్రాయుడు వంక పక్కన గుంత తవ్వి, తట్టలు తెచ్చి వంచి, సున్నం చల్లాడు. అంకమ్మ తమ్ముడి కోసం ఏడ్చిన కళ్ళతోనే గుంత పక్కన నిలబడింది. కూతురు లోపలికి పోయిందని రామప్ప భార్య సావిత్రమ్మ అప్పటికే చెప్పింది.

“రెండు మడతలు తడిపి కట్టిపోయినా,” అంది అంకమ్మ. “సేతనైనంత సేసే పోయినా గదా. నువ్వు ఆ గడప తొక్కకుండా ఉంటే బతికేవి.”

మునీశ్వరి నోటిదాకా మాట వచ్చింది. నేను పోయేసరికే అయిపోయింది అని. నువ్వు కట్టిన ఆ రెండు మడతలే అంకెను రానీయలేదు అని. అప్పుడు అమ్మ తన చేతులకేసి చూసుకుంటుంది. తమ్ముడు పోయిన రోజున, ఏడుస్తూ ఏడుస్తూ గోతాలు పిండి కట్టిన చేతులు. పైగా ఫోనులో ఇరవై ఏడు అని చెప్పింది ఎవరు?

“పొరపాటైంది అమ్మా,” అంది.

చెంగల్రాయుడు గుంత పూడ్చి, పార కడిగి గోడకు ఆనించాడు.

సోమవారం మునీశ్వరి మదనపల్లె పోయి బోర్డూ రౌటరూ ల్యాప్‌టాపూ ఇచ్చేసింది. కనెక్షన్ ఎందుకు పోయేదో కనుక్కున్నావా అని హరినాథ్ సార్ అడిగాడు. తడి గోతాలు సార్ అని చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, మంచి పాయింటు పట్టుకున్నావని మెచ్చుకున్నాడు. పంట ఎట్లుందని అడగలేదు.

నెల తిరిగేసరికి మల్బరీ తోట సగం పీకడం అయింది. మిగతా సగం అంకమ్మ చూసుకుంటానంది. చెంగల్రాయుడు కుప్పం బయలుదేరే రోజున, పడుకోవడానికి పరుచుకునేందుకు రెండు గోతాలు కావాలన్నాడు. అంకమ్మ మూట కడుతూ తలెత్తకుండానే కూతురితో, షెడ్డులో ఉంటాయి, తెచ్చియ్యి అంది.

ఆ రోజు కూడా మునీశ్వరి వసారాలో చాప మీదే ఉంది. అంకమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా పంపింది. మునీశ్వరి లేచి, గడప దాటి, ఖాళీ షెడ్డులోకి పోయి, ఇంటివైపు కిటికీకి కట్టిన రెండు గోతాలు విప్పుకుని వచ్చింది. అవి పూర్తిగా ఎండిపోయి ఉన్నాయి.