మూడో వరస నవ్వు

నవ్వును ఎక్కడ పెట్టాలో నాకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఇంకెవడికీ తెలియదు. కోతలు కోయడం కాదిది. పదిహేడేళ్ళు ప్రతి శుక్రవారం సాయంత్రం ఎనిమిదింటికి నా కామెడీ టీవీలో వచ్చింది. అంతకుముందు ఫ్యాక్టరీ గేట్ల దగ్గరా బస్సు డిపోల దగ్గరా గొంతు చించుకుని నాటికలాడినవాణ్ణి. నాకెవడూ పాఠం చెప్పలేదు. షిఫ్టు దిగి ఇంటికి పోయే మనిషిని ఆపి నవ్వించాలి. నవ్వు రాకపోతే పోతాడు. నా చదువంతా అంతే.

అలాంటి నన్ను ఒక మంగళవారం ప్రోగ్రాం హెడ్ మేడం పిలిచి, కుర్చీ చూపించి, నేను కూర్చున్నాక చెప్పింది.

"సార్, మీ శుక్రవారం టైము మీ పాత అసిస్టెంటుకి ఇస్తున్నాం."

"ఎవడికి, బక్కోడికా?"

"మీకు బక్కోడేమో. మాకు డైరెక్టర్‌గారు."

ఆవిడ ఆగలేదు. "నాలుగు వారాలు చూస్తాం. జనం చూడకపోతే మళ్ళీ మీ షోనే. ఈలోగా మీరు ఖాళీగా ఎందుకు? ఆయన షోకి వెనకనుంచి వినిపించే రికార్డు నవ్వులు మీరే వెయ్యండి. ఆయనే అడిగారు, గురువుగారైతేనే కుదురుతుందని."

ఎంత బాగా అడిగాడో చూడండి. నా కుర్చీలో కూర్చుని నాకు పని ఇప్పిస్తాడట.

వాడు ఎనిమిదేళ్ళు నా దగ్గర క్లాప్ కొట్టాడు. నా ఫ్లోర్ మీద ఒకటే చట్టం: కెమెరా తిరుగుతుంటే ఎవడూ నవ్వకూడదు. నవ్వితే ఆ నవ్వు నటుడి మైకులో పడుతుంది, టేకు పాడవుతుంది. నవ్వినవాడు బయటికి పోవాలి. అందరికన్నా ఎక్కువసార్లు బయటికి పోయింది బక్కోడే. కారిడార్లో గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని, ఒక్కడే నవ్వుకునేవాడు.

ఇప్పుడు వాడి ఫ్లోర్ మీద ఆ చట్టమే లేదు. లైట్లు పట్టేవాళ్ళు నవ్వుతారు, మేకప్పు వేసే ఆవిడ నవ్వుతుంది. నటులు ఆ నవ్వు కోసం ఆగి, అది తిని బలిసి, తర్వాతి మాట ఇంకా బాగా చెబుతారు. సౌండ్ గది అద్దం ఇవతల నిలబడి చూశాను. ఇంత తేలికైన పని పదిహేడేళ్ళు నాకెందుకు తట్టలేదు?

అయితే ఆ ఫ్లోర్ నవ్వులు మైకుల్లో ముక్కలు ముక్కలుగా పడతాయి. వాటిని ఊడ్చేసి, వాటి జాగాలో నా పెట్టెలో నవ్వులు అతకాలి. ఆ టేపుల పెట్టె నాది. నా మొదటి షోకి మడత కుర్చీలు వేసి నలభై మందిని కూర్చోబెట్టి పట్టిన నవ్వులు. చిన్నవి, మధ్యరకం, పగలబడ్డవి. వాటన్నిటికీ ముందు నడిచేది ఒక ఆడపిల్ల నవ్వు. మూడో వరసలో కూర్చుంది. మా షోకి బట్టలు కుట్టే అమ్మాయి. నటుడు ఇంకా నోరు తెరవకముందే, ఊపిరి తీసుకున్నప్పుడే, జోకు పసిగట్టి నవ్వేసేది. ఆమె వెనక మిగతా ముప్పై తొమ్మిది మంది.

ఆమెను పెళ్ళి చేసుకున్నాను. నవ్వును పెట్టెలో పెట్టుకున్నాను.

ఇంతకీ నేను చేసిన పని చెబుతాను. దాచేదేముంది.

బక్కోడి మొదటి ఎపిసోడ్ సౌండ్ గదికి వచ్చింది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ లిఫ్టులోనే ఇరుక్కుపోతాడు. తన కంపెనీకే ఫోన్ చేస్తాడు. అక్కడున్న ఒకే ఒక్క మెకానిక్ వీడే. అటునుంచి అమ్మాయి అంటుంది, "కంగారు పడకండి సార్, మా మెకానిక్ బయల్దేరాడు." వీడు వాచీ చూసుకుని, ఆశగా, "ఎంతసేపట్లో వస్తాడమ్మా?" అంటాడు.

నాకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఒళ్ళు మండింది. ఆ జోకు నాకు తట్టాల్సింది!

టీవీలో సెకనుకి ఇరవై ఐదు ఫ్రేములు, అంటే బొమ్మలు. నవ్వును సరైన చోటు నుంచి పన్నెండు ఫ్రేములు వెనక్కి జరిపాను. అర సెకను ఆలస్యం. అంతే. ఎవడికీ తప్పు కనపడదు, కానీ జోకు చస్తుంది. చూసేవాడికి నవ్వాలని ఉంటుంది, పక్కవాడు నవ్వలేదు కదా అని ఆగుతాడు. ఆ తర్వాత నవ్వు వినిపిస్తే, అరువు నవ్వులా ఉందని మొహం చిట్లిస్తాడు. ప్రతి జోకుకీ అలాగే చేశాను.

సౌండ్ ఇంజనీరు తల గోక్కున్నాడు. "సార్, నవ్వు కొంచెం లేటుగా పడ్డట్టుంది?"

"నువ్వు నాకు నేర్పుతావా?"

నేను చెప్పినచోటే అతికాడు. పదిహేడేళ్ళ పేరు అలాంటి వాటికి పనికొస్తుంది.

మొదటి వారం జనం చూశారు. రెండో వారం తగ్గారు. మూడో వారానికి ఆఫీసులో ఒకటే మాట: బాగానే ఉంది గానీ ఏదో అతకలేదు. అది విన్న ప్రతిసారీ నా కుర్చీ నాకు ఒక అడుగు దగ్గరైంది.

మొదటి రెండు వారాలూ ఆ టైముకి నేను ఇంట్లో లేను. మూడో శుక్రవారం ధైర్యమొచ్చింది. సోఫాలో దర్జాగా కూర్చున్నాను. మా ఆవిడ కుట్టు మిషన్ దగ్గర ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తోంది. నా షో వచ్చినన్నాళ్ళూ ఇలాగే కుడుతూ చూసేది. అయిపోయాక "బాగుంది" అనేది. పదేళ్ళ నుంచీ ఒక్కసారి నవ్వితే ఒట్టు.

మెకానిక్ మళ్ళీ వచ్చాడు. ఈసారి తన ఇంటి లిఫ్టులో ఇరుక్కుని, తనమీద తనే ఫిర్యాదు ఇవ్వబోతున్నాడు. ఇంకా ఫోన్ ఎత్తలేదు, ఊపిరి తీసుకున్నాడంతే.

మా ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నేళ్ళయింది! నాకు కాదు. బక్కోడికి. నా గుండెలో ఎవరో సూది దించినట్టయింది. అర సెకను పోయాక టీవీలోంచి అదే నవ్వు వచ్చింది.

మిషన్ ఆగింది.

"ఏవండీ."

"ఏంటి?"

"ఇక్కడ నవ్వింది నేను. టీవీలో నవ్వింది కూడా నేనే. మరి టీవీలో నేనెందుకు వెనకబడ్డాను?"

"టీవీ అన్నాక కొంచెం అటూ ఇటూ..."

"నేనెప్పుడైనా లేటుగా నవ్వానా? ఆ ముక్క పదిమందిలో చెప్పుకునేది మీరేగా." కాలరు పక్కన పెట్టింది. "మూడు వారాల నుంచీ ఇదేనా పని?"

నేను రిమోట్ తీసుకుని సౌండు తగ్గించాను.

"కుళ్ళు."

"ఆఁ, కుళ్ళే! ఉండకూడదా? నా కుర్చీ అది. నిన్నటిదాకా క్లాప్ కొట్టినవాడు కూర్చుంటే హారతివ్వాలా?"

"కుర్చీ కావాలంటే కొట్లాడండి. గేటు ముందు నిలబడి మేనేజర్ మొహం మీదే అరిచిన మనిషి కదా మీరు! ఆ మనిషేడీ? నా నవ్వుతో వాడి గొంతు నొక్కుతారా?"

"నా షోకి నువ్వెందుకు నవ్వలేదు?" అసలు మాట నోట్లోంచి జారిపోయింది. "పదేళ్ళు! బక్కోడికైతే పళ్ళన్నీ బయటపడ్డాయే!"

ఆమె కాలరు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మీ షోలో నేను నవ్వాల్సిన ప్రతి చోటా ముందే నా నవ్వు పెట్టేశారు. ఇంక నాకేం మిగిల్చారు?"

మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

సోమవారం బక్కోడి ఫ్లోర్ మీదికి వెళ్ళాను. అందరూ లేచారు. నాకు చుట్టూ తిప్పి చెప్పడం చేతకాదు.

"ఒరే, మూడు వారాలూ నీ జోకుల్ని నేనే చంపాను. నవ్వులు అర సెకను వెనక్కి వేశాను. కావాలని."

వాడు తిడతాడనుకున్నాను. వాడి చేతిలో స్క్రిప్టు ఉంది. ప్రతి పేజీ ఎర్రగీతలే.

"కావాలనా?" అన్నాడు. "గురువుగారూ, మీరు లేటుగా వేశారంటే నా జోకే లేటుగా పేలుతోందని అనుకున్నానండీ. మూడు వారాల నుంచీ రాసింది కొట్టేస్తూనే ఉన్నాను. ఇప్పుడే మెకానిక్‌నీ తీసేద్దామని..."

కొట్టి ఉంటే బాగుండేది. వాడికి నామీద అంత నమ్మకముంటే, నాకు వాడిమీద ఇంత అసూయా! అప్పటికీ ఆ అసూయ తగ్గలేదు. ఎర్రగీతల కింద ఉన్న మాటలు చదివాను. అన్నీ బాగున్నాయి, దరిద్రుడు.

"మెకానిక్‌ని ముట్టుకున్నావంటే చంపుతాను," అన్నాను.

మేడంకీ చెప్పేశాను. ఆవిడ కేకలెయ్యలేదు. "థాంక్యూ సార్, నాలుగోది వేసేసి మీరు విశ్రాంతి తీసుకోండి," అంది. దానర్థం తెలియనంత చిన్నపిల్లాణ్ణి కాను. వాడికి ఇంకో నాలుగు వారాలు ఇచ్చారు. నాకు గుమ్మం.

నాలుగో ఎపిసోడ్‌కి నవ్వులు నేనే వేశాను. ఒక్క ఫ్రేము అటూ ఇటూ కాకుండా వేశాను. ముప్పై తొమ్మిది మందివీ వేశాను. మూడో వరస నవ్వును మాత్రం తీసేశాను. పెట్టెలోంచి కూడా.

గురువారం బక్కోడు ఫోన్ చేశాడు.

"గురువుగారూ, అద్భుతంగా కుదిరింది. కానీ అందరికన్నా ముందు ఒక ఆవిడ నవ్వేది కదండీ, అది లేదేంటి?"

"ఇవ్వను."

"అది ఉంటే ఇంకా..."

"ఇవ్వనన్నానా? కావాలంటే మీ ఇంట్లో వెతుక్కో."

శుక్రవారం ఎనిమిదింటికి నేను టీవీ వైపు చూడలేదు. కుట్టు మిషన్ వైపు చూస్తూ కూర్చున్నాను. మెకానిక్ ఊపిరి తీసుకున్నాడు. టీవీలో ఇంకా ఎవరూ నవ్వలేదు.

మా ఆవిడ నవ్వింది.

జోకు వాడిదే. దానికి నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ ఆ నవ్వు వాడికి వినపడలేదు. నాకొక్కడికే వినపడింది.