లెక్కలోకి వచ్చిన ఆట

మద్రాసు క్లబ్బులో యూసుఫ్‌ని మార్కర్ అనేవారు. అంటే జీతానికి టెన్నిస్ ఆడేవాడు. దొరలకీ, వకీళ్లకీ, జమీందారుల బిడ్డలకీ ఆట నేర్పాలి. జోడీ దొరకని వాళ్లతో తానే ఆడాలి. జీతం పుచ్చుకునేవాళ్లు కప్పుల కోసం ఆడకూడదని రూలు కాబట్టి పోటీల్లో అతనికి చోటు లేదు. ఎవరూ పైకి చెప్పని రూలు ఇంకొకటి ఉండేది. మెంబర్ల చేతిలో ఓడాలి, కావాలని ఓడినట్టు మాత్రం కనపడకూడదు. నెట్ అంచుకి వెంట్రుకవాసిలో తగిలి పడేలా బంతి కొట్టడం, అందే బంతికి ఒక్క అడుగు ఆలస్యంగా కదలడం అతనికి ఒంట్లో ఇంకిపోయాయి.

ఇరవయ్యేళ్లు అలా గడిచాక కుడి భుజం పట్టేసింది. క్లబ్బు కొత్త మార్కర్ని పెట్టుకుంది. యూసుఫ్ భార్య షరీఫాతో ఏలూరు తిరిగొచ్చి, తంగెళ్లమూడిలో అన్నగారి తివాచీల మగ్గం ముందు కూర్చున్నాడు.

పందొమ్మిది వందల ముప్పయ్యారు చలికాలంలో నరసరాజు కొల్లేట్లో బాతులవేటకి వచ్చి, ఏలూరు ఆఫీసర్ల క్లబ్బులో దిగాడు. ఆకివీడు రాజుల బిడ్డ. మద్రాసులో చదువుకునే రోజుల్లో యూసుఫ్ దగ్గరే ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు పేపర్లలో పేరు పడుతున్న ఆటగాడు. కబురు పెట్టి యూసుఫ్‌ని పిలిపించి, రాగానే కుర్చీలోంచి లేచాడు.

"యూసుఫ్ గారూ, రేపు మనిద్దరం ఒక సెట్ ఆడదామండీ. అందరి ముందూ. క్లబ్బువాళ్లు ఒప్పుకున్నారు."

"భుజం బాగోలేదండి బాబూ."

"మీరు నిజంగా ఆడితే ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో మేమెవరం చూడలేదండీ."

ఇంటికొచ్చి చెబితే షరీఫా ఒప్పుకోలేదు. "వద్దండీ. ఆ చెయ్యి కాస్తా పడిపోతే మగ్గం పనెలాగ?"

"నేను కూడా చూడలేదు షరీఫా, నా ఆట," అన్నాడు యూసుఫ్.

మర్నాడు సాయంత్రం క్లబ్బు మెట్లన్నీ ప్లీడర్లతో, ఆఫీసర్లతో నిండిపోయాయి. మొదట్లో బంతి అతను చెప్పినట్టల్లా విన్నది. వరసగా మూడు గేములు వచ్చాయి. చప్పట్లు మోగుతుంటే ఒంట్లోకి వయసు తిరిగొచ్చినట్టయింది. నాలుగో గేములో అతను మూలకి కొట్టిన బంతి అంత గొప్పదేం కాదు. నరసరాజుకి తేలిగ్గా అందేదే. నరసరాజు ఒక్క అడుగు ఆలస్యంగా కదిలాడు.

యూసుఫ్‌కి ఆ అడుగు ఏమిటో తెలిసిపోయింది. మెల్లగా నెట్ దగ్గరికి నడిచి, మెట్లమీద వాళ్లకి వినపడకుండా అన్నాడు.

"బాబూ, ఆ అడుగు మీకు నేను నేర్పలేదండి."

నరసరాజు తలదించుకున్నాడు. "మీ భుజం చూసి..."

"భుజం సంగతి నేను చూసుకుంటానండి. మీరు ఆడండి."

తర్వాత ఒక్క గేమూ యూసుఫ్‌కి దక్కలేదు. అయినా ప్రతి బంతికీ పరుగెత్తాడు. ఆఖరి బంతిని నెత్తిమీద అందుకోబోతుంటే భుజంలో ఏదో తెగినట్టయి రాకెట్ జారిపోయింది. పాపం, ముసలాయన బాగానే ఆడాడని మెట్లమీద ఎవరో అన్నారు. నరసరాజు నెట్ దాటి వచ్చి, రాకెట్ తీసి, అతని ఎడమచేతికి అందించాడు.

ఇంటికొచ్చే దారిలో ఒక ఆలోచన అతన్ని పట్టుకుని వదల్లేదు. ఆ ఒక్క అడుగు తనకి చప్పున తెలిసిపోయింది. మరి మద్రాసులో ఆ మెంబర్లకి తెలియలేదా? తెలిసే నవ్వుతూ చేతులు కలిపారా, ఇరవయ్యేళ్లూ?

షరీఫా ఆముదం వేడిచేసి భుజానికి రాసింది. "ఓడిపోయారా?"

"ఊఁ."

"మరి ఆ ముఖమేంటండీ? సంతోషమో దిగులో తెలియడం లేదు."

"నాకూ తెలియడం లేదు," అన్నాడు.

కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదు. కొన్నాళ్లు ఉన్ని ఉండలు అందిస్తూ కూర్చుని, తర్వాత ఎడమచేత్తో తివాచీకి ముడులు వేయడం మొదలుపెట్టాడు. సగం వదులుగా పడేవి. షరీఫా వచ్చి, అతను చూస్తుండగానే వాటిని విప్పి, మళ్లీ వేసేది.